కువైటు అవ్వకు శుక్రవారం ఫోను

ఇప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా జేబులోంచి ఫోను తీసి, మొహం చూసుకుంటూ, పైసా ఖర్చు లేకుండా గంటలకొద్దీ మాట్లాడేస్తున్నారు. మా కుర్రతనంలో ఈ వైభోగం లేదు. సముద్రం అవతల ఉన్న మనిషి గొంతు వినాలంటే ముందు బేరాలు, తర్వాత పరిశోధన, ఆపైన దేవుడి దయ. ఆ పరిశోధనలో నేను చూపించిన తెలివితేటలు తలుచుకుంటే ఇంత వయసొచ్చాక కూడా నవ్వొస్తుంది. (పక్కన ఎవరైనా ఉంటే ఆపుకుంటాను. ఎందుకు నవ్వుతున్నావని అడిగితే ఇదంతా చెప్పాలి కదా.) సరే, మీరు అడిగారనుకుని చెబుతున్నాను.

డిగ్రీ అవగానే నాకు దొరికిన ఉద్యోగం కోట అనే ఊరి అవతల, సముద్రపు ఒడ్డున, ఒక రొయ్యపిల్లల హేచరీలో. ఎదురుగా సముద్రం, వెనక సరుగుడు తోపు, మధ్యలో రేకుల షెడ్లు, షెడ్ల నిండా తొట్లు. తొట్లలో పిల్లలకు గాలి అందాలంటే బ్లోయర్లు ఆగకుండా మోగుతూనే ఉండాలి. ఆ మోతలో మనిషి మాట మనిషికి వినపడదు. అందుకని చాలావరకు చేతి సైగలతో కానిచ్చేవాళ్లం, తప్పనిసరైతే గొంతు చించుకుని అరిచేవాళ్లం. నాతో పనిచేసేవాళ్లలో కొందరిది తమిళం, మిగతావాళ్లది ఒడియా. వాళ్లకు వాళ్ల కబుర్లుండేవి, నాకు ఎవరూ లేరు. లక్షల ప్రాణాల మధ్య బతికానన్న మాటే గానీ, అవి రొయ్యపిల్లలు. మేత చల్లుతూ వాటిని "ఏం నాయనా, బాగుండారా?" అని పలకరించిన రోజులు కూడా ఉన్నాయి, దాచుకోవడం దేనికి.

నన్ను పెంచింది మా అక్క. అమ్మానాన్నా పోయాక నన్ను చదివించడానికే కువైటు వెళ్లింది. అక్కడ ఒక పెద్దింట్లో ముసలావిడను చూసుకోవడం ఆమె పని. సొంత ఫోను లేదు. పండక్కో పబ్బానికో ఆ ఇంటి మేడమ్ దయతలచి తన సెల్లు ఇస్తే, మేడమ్ పక్కనే నిలబడి ఉండగా మా హేచరీ ఆఫీసుకు చేసేది. ఒకసారి అలాగే చేసి, "ఈ ఇంట్లో ల్యాండుఫోను నంబరు చెప్తా రాసుకోరా. శుక్రవారం సాయంకాలం మీ టైముకి అందరూ పెద్దకొడుకు ఇంటికి భోజనానికి పోతారు, అవ్వా నేనే ఉంటాం" అంది. రాసుకున్నాను. ఆ వెంటనే, "నన్ను ఇంకో రెండేళ్లు ఉండమంటా ఉండారు. బక్రీదు పండగ అయిపొయ్యేలోపల ఏ సంగతో చెప్పేయాలంట. ఏందిరా, ఉండేదా, వచ్చేసేదా?" అని అడిగింది. వచ్చేయక్కా అనడానికి నోరు తెరిచానో లేదో లైను ఆగిపోయింది. మేడమ్‌కు సెల్లు ఇచ్చేసినట్టుంది. ఆ ఒక్క మాట గొంతులోనే ఉండిపోయింది. పండగలోపు ఆ మాట అక్క చెవిన వెయ్యకపోతే ఇంకో రెండేళ్లు నాకు రొయ్యపిల్లలే గతి.

కోటలో నెట్టుసెంటరు నడిపే ఆయనను అందరం నెట్టన్న అనేవాళ్లం. ఆయన దగ్గర మొరపెట్టుకుంటే నవ్వేశాడు. "ఎస్టీడీ బూతులో కువైటుకు చేస్తే నీ జీతం మీటర్లోనే తిరిగిపోద్ది అబ్బయ్యా. ఇప్పుడు కంప్యూటర్లోంచే ల్యాండుఫోనుకు చేసే కంపెనీలు బోలెడు వచ్చినాయి. నెల బిల్లు ఉండదు. ముందు కొంచెం వేసుకో, మాట్లాడినంత తెగుద్ది, అంతే" అని ఒకదాని తర్వాత ఒకటి తెరిచి చూపించాడు. ప్రతి కంపెనీ లోకంలో తనంత చవక లేదంటుంది. కింద చీమల్లాంటి అక్షరాల్లో మాత్రం అసలు సంగతి ఉంటుంది. ఒకడు అవతల ఫోను ఎత్తితే చాలు, ఎత్తినందుకే వేరే రుసుము అంటాడు. ఒకడు అర నిమిషం మాట్లాడినా నిండు నిమిషం కింద జమ కడతాడు. ఇంకొకడు కొన్నాళ్లు వాడకపోతే మిగిలిన సొమ్ము గోవిందా అంటాడు. కువైటు పేరు చూడగానే రేటు పెంచేవాళ్లు సరేసరి. పెళ్లి సంబంధాలు చూసినట్టు చూశాను, ఒక్కటీ నచ్చలేదు.

అప్పుడు నాకు మా ఉప్పుసారు గుర్తొచ్చారు. హేచరీలో మా పైఅధికారి. ఎప్పుడు చూసినా నీళ్లలో ఉప్పు ఎంతుందో కొలుస్తుండేవారు కాబట్టి ఆ పేరు. ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం, శాంపిల్ చూడకుండా పిల్లను వదలకూడదని. రొయ్యలు పెంచే రైతు తన చెరువు నీళ్లు క్యానులో తెస్తాడు. ఆ నీళ్లు ఒక టబ్బులో పోసి, నాలుగు పిల్లలను వదిలి, మర్నాటికి బతికి ఉంటేనే మిగతావి పంపాలి. నేను ఇంటర్నెట్టు ఫోను కంపెనీలకు అదే సూత్రం పెట్టాను. కొత్తగా చేరినవాళ్లకు ప్రతి కంపెనీ ఒకటి రెండు నిమిషాలు ఊరికే ఇస్తుంది. ఒక్కో శుక్రవారం ఒక్కో కంపెనీలో చేరి శాంపిల్ చూసి, అన్నిట్లోకీ మంచిదాంట్లో డబ్బు వెయ్యాలి. నా తెలివికి నేనే మురిసిపోయాను. (ఆ ఉచిత నిమిషాల్లోనే అక్కకు మాట చెప్పేస్తే డబ్బు వేసే పనే ఉండదన్న ఆశ కూడా ఉందనుకోండి.)

మొదటి శుక్రవారం సామాన్లు తెస్తానని చెప్పి షేరాటో ఎక్కి కోటకు పోయాను. నెట్టన్న చెవులకు హెడ్‌ఫోను తగిలించాడు. అవతల ఫోను మోగింది, ఎవరో ఎత్తారు. "అక్కా!" అన్నాను. ఒక ముసలి గొంతు అరబ్బీలో గబగబా ఏదో అడిగింది. నేను అక్క పేరు చెప్పాను. (అక్క పేరు వాళ్ల నోటికి తిరగక ఆ ఇంట్లో ఇంకేదో పేరుతో పిలుస్తారని నాకు అప్పటికి తెలియదు.) ఆవిడ ఇంకేదో అంది. ఆ లైనులో నా మాట నాకే తిరిగి వినపడుతోంది. నేను "అక్కా" అంటే కాసేపటికి ఎవరో నన్నే "అక్కా" అంటున్నారు. ఆవిడకు ఏం చెప్పాలో తోచక, మన నోటికి అలవాటైన మాట ఒకటుంది కదా, "అన్నం తిన్నావా అవ్వా?" అన్నాను. అంతలో ఉచితం అయిపోయింది. నెట్టన్న, "గమ్మునుండు, ఇంకో కంపెనీ ఉంది" అన్నాడు.

రెండో కంపెనీలో మాట ఆలస్యంగా పోతుంది. నేను అడిగి, జవాబు రాలేదని మళ్లీ అడిగేలోపల పాత జవాబు వచ్చి మీద పడేది. ఇంకొకదాంట్లో గొంతు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుండేది. కంపెనీ ఏదైనా ఫోను ఎత్తేది మాత్రం అవ్వే. ఎత్తగానే ఆవిడ అక్కడా నేనిక్కడా ఒకేసారి మొదలుపెట్టేవాళ్లం. వారాలు గడిచేకొద్దీ ఒక వింత జరిగింది. నా గొంతు వినగానే ఆవిడ నవ్వడం మొదలైంది. ఏదో చెబుతుంది, నిట్టూరుస్తుంది, నన్ను ఏదో అడిగి జవాబు కోసం ఆగుతుంది. ఆగినప్పుడు ఊరుకోలేక నేనూ చెప్పేవాణ్ని. "ఈ వారం ఒక తొట్లో పిల్లలన్నీ పొయ్యినాయవ్వా. ఉప్పుసారు కేకలేసినాడు. నాకు జొరమొస్తే అడిగినోడు లేడు." ఆవిడ "ఊ, ఊ" అనేది. నిజం చెప్పొద్దూ, శుక్రవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం మొదలుపెట్టాను. నెట్టుసెంటరులో పక్క కంప్యూటర్లవాళ్లు ఆటలాపి నా వైపు చూసేవాళ్లు. నాకు లెక్కలేదు, బ్లోయర్ల దగ్గర మాట్లాడి మాట్లాడి అదే గొంతుతో అరుస్తున్నానని కూడా తెలియదు.

పండగ దగ్గర పడింది. ఉచితమిచ్చే కంపెనీలు అయిపోయాయి. వెయ్యక తప్పదు డబ్బు. వెయ్యాలంటే క్రెడిట్ కార్డు కావాలి, మా ఇసక ఒడ్డున అది ఉన్న ఒకే మనిషి ఉప్పుసారు. ఆ శుక్రవారం భయపడుతూ అడిగాను. ఆయన అంతా విని, "శాంపిల్ చూసినావా?" అన్నారు.

"అన్నీ చూసినా సార్."

"ఏది బతికింది?"

"అన్నిట్లోనూ అవ్వే బతికింది సార్."

ఆయన బండి తీశారు. దారిలో, "ఒరే, నీళ్లు కొలిచేది పిల్లను బతికించేదానికి. కొలుస్తా కూర్చునేదానికి కాదు" అన్నారు. నెట్టుసెంటరులో కూర్చుని, నేను చవక కాదని మొదటిరోజే పక్కన పెట్టిన కంపెనీని తెరిపించి, తన కార్డు నంబరు కొట్టి, డబ్బు వేసి, "కానీ" అన్నారు.

అవ్వ ఎత్తింది. ఓరి నాయనా, ఎంత స్పష్టంగా ఉందో! ఆవిడ ఊపిరి తీసుకోవడం వినపడుతోంది, గదిలో గడియారం వినపడుతోంది. ఆవిడ మామూలుగానే మొదలుపెట్టింది. ఆ మాటల వెనకనుంచి, దూరంగా, గిన్నె పెట్టిన చప్పుడు, ఆ వెనకే ఒక గొణుగుడు. "ఈ ముసిల్దానికి ఫోను దొరికితే దించదు. కూడు చల్లారిపోతా ఉంది." అచ్చమైన తెలుగు. అక్క గొంతు. ఇన్ని వారాలూ నాసిరకం లైన్లు నాకు వినిపించనివ్వని గొంతు.

"అక్కా!" అని అరిచాను. హేచరీ అరుపది. బ్లోయర్లను దాటి అవతలి షెడ్డులో మనిషిని పిలిచే అరుపు. పక్క కంప్యూటరు కుర్రాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, నెట్టన్న టీ ఒలికింది. కువైటులో అవ్వ రిసీవరును చెవికి దూరంగా పెట్టేసుకుందేమో, నా కేక ఆ గది అంతా వినపడినట్టుంది.

"ఎవురది?" అక్క పరుగెత్తుకొచ్చింది. "తమ్ముడా? ఒరే, నువ్వంట్రా? ఇన్నాళ్లూ ఈమెతో మాట్లాడేది నువ్వేనా? నేనెవరో వాళ్ల చుట్టాలబ్బాయనుకుంటి. శుక్రవారం వస్తే చాలు, ఫోను పక్కన కుర్చీ ఏపించుకుని కూర్చుంటుంది, నన్ను ముట్టుకోనీదు."

అక్క అక్కడే ఉంది, అదే గదిలో, ప్రతి శుక్రవారం. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దాచిపెట్టుకున్న మాట బయటికి వచ్చేసింది. "వచ్చేయక్కా. నాకు జీతం వస్తా ఉంది. ఇక్కడ నాతో మాట్లాడేదానికి ఒక్కరు కూడా లేరక్కా."

లైను ఆలస్యమేమో అనుకున్నాను, ఆ కంపెనీకి ఆ జబ్బు లేదు. చాలాసేపటికి, "ఏడవబాకరా. వస్తాలే" అంది. ఉప్పుసారు లేచి బయటికి వెళ్లి, ఎండలో నిలబడి, ఏదో పని ఉన్నట్టు బండి చక్రం చూసుకుంటున్నారు.

పండగ తర్వాత అక్క వచ్చేసింది. కోటలో ఒక గది తీసుకున్నాం. వచ్చిన మొదటి శుక్రవారం, ఖాతాలో ఇంకా కాస్త సొమ్ము మిగిలింది కదా అని అక్కను నెట్టుసెంటరుకు తీసుకుపోయాను. అవ్వ ఎత్తింది. హెడ్‌ఫోను అక్క తలకు పెట్టాను. అక్క అరబ్బీలో మాట్లాడుతుంటే నోరెళ్లబెట్టాను. బతిమాలుతోంది, నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. నేను పెరిగిన చేతులే, కానీ ఆ భాషలో ఉన్న మనిషి నాకు తెలియదు. పక్కనే కూర్చుని ఉన్నా ఒక్క ముక్క అర్థం కాక, కాసేపు మళ్లీ నా రొయ్యపిల్లల మధ్య ఉన్నట్టే అనిపించింది. డబ్బు అయిపోయి లైను తెగేదాకా మాట్లాడుకున్నారు.

"ఏమందక్కా?" అన్నాను.

అక్క హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, "నిన్ను తిట్టింది" అంది.

"నన్నా? ఎందుకు?"

"ఆ పిల్లోడు ఇన్ని వారాలు నాతో తియ్యంగా మాట్లాడింది నిన్ను తీసుకుపొయ్యేదానికేనా అనింది. నాకెవురున్నారని తీసుకుపొయ్యాడో అడుగు అనింది."

మరుసటి వారం ఉప్పుసారును బతిమాలి మళ్లీ డబ్బు వేయించాను. ఈసారి అక్కను పిలవలేదు, ఒక్కణ్నే వెళ్లాను. అవ్వ ఎత్తింది. నా గొంతు గుర్తుపట్టి తిట్లు అందుకుంది. ఏం తిట్టిందో, ఎవరితో పోల్చి తిట్టిందో నాకు తెలియదు. అడ్డుపడకుండా చెవులు అప్పగించి, మధ్యమధ్య "ఊ" అంటూ కూర్చున్నాను. ఆవిడ అలిసిపోయి ఆగినప్పుడు, "మళ్లీ శుక్రవారం చేస్తానవ్వా" అన్నాను. చేశాను కూడా, చాలా శుక్రవారాలు, ఆ ఫోను ఎత్తేవాళ్లు లేకుండా పోయేదాకా.

ఇప్పుడు బస్టాండులోనో బజార్లోనో ఎవరైనా తెలియని భాషలో గట్టిగా మాట్లాడుతుంటే నేను నడక ఆపి వింటాను. నన్నే తిడుతున్నట్టుంటుంది. ఆ కుర్రాడు ఇంకా నాలో ఎక్కడో హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చున్నాడు కాబోలు, ఆ తిట్లు ఇంకాసేపు వినాలనిపిస్తుంది.