సాసరు బోర్లించిన కప్పు

ఐర్లండ్‌లో ములింగార్ అనే ఊళ్లో నేను ఐరిష్ నేర్చుకోబోయింది భాష మీద ప్రేమతో కాదు. ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉండేది ఒక్క అద్దె గది. పొద్దస్తమానం లాప్‌టాప్‌లో తలకాయలతో మాట్లాడడమే తప్ప, ఎదురుగా నిలబడి "ఏమ్మా, ఎలా ఉన్నావ్?" అనే మనిషి లేదు. వారానికొకసారైనా నలుగురి మొహాలు చూడొచ్చని శనివారాలు లైబ్రరీ మేడ మీద జరిగే ఐరిష్ కబుర్లలో చేరాను. అంతే సంగతి.

ఐరిష్ వాళ్లకే ఐరిష్ సరిగ్గా రాదని అక్కడే తెలిసింది. నా పక్కన కూర్చునే పెద్దాయన ఒకప్పుడు బస్సు డ్రైవరు. భార్య పోయింది, ఒంటరివాడు. బళ్లో నేర్చుకున్నదంతా మర్చిపోయి మాతోపాటు మళ్లీ మొదలుపెట్టాడు. ఫ్లాస్కులో టీ, ఇంట్లోంచి కప్పులూ సాసర్లూ తెచ్చేవాడు. ఇంగ్లీషు ముక్క దొర్లితే పాట పాడాలని నియమం. బ్రెజిల్ నుంచి వచ్చిన ఒకమ్మాయి కావాలనే తప్పు చేసి మరీ పాడేది.

మొదటి రోజే నా కొంప మునిగింది. బయల్దేరేటప్పుడు ఏమనాలి? చిన్నప్పుడు గుమ్మంలో నిలబడి "వెళ్తున్నా" అంటే అమ్మ చేతిలో వీపు విమానం మోత మోగేది. "అవేం మాటలే, వెళ్లొస్తాననూ!" ఆ భయం ఎక్కడికి పోతుంది? వచ్చిన నాలుగు ఐరిష్ ముక్కలూ అతికించి "వెళ్తాను, వస్తాను" అనేసి, దర్జాగా ఇంటికొచ్చి పడుకున్నాను.

మరుసటి శనివారం గదిలో అడుగుపెట్టగానే ఒకటే నవ్వులు. నేను వస్తానన్నానని పెద్దాయన లైబ్రరీ మూసేదాకా కూర్చున్నాడట. టీ చల్లారకుండా కప్పు మీద సాసరు బోర్లించి మరీ!

"అయ్యో రామ! మా వైపు అలాగే అంటామండీ!" అని ఇంగ్లీషులో మొత్తుకున్నాను. "పాట! పాట!" అని బల్ల చరిచారు. పాడాను. ఇంకెప్పుడూ నన్ను పాడమనలేదు.

అప్పట్నుంచి పోయేటప్పుడు అందరూ "వెళ్తాను, వస్తాను" అంటూ నన్ను ఆటపట్టించేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆ మొదటి నవ్వుల రోజు మాత్రం గదికొచ్చి ఏడ్చాను. ఈ దేశంలో నాకోసం ఒకరు ఎదురుచూశారు. ఆ సంగతి వారం దాకా నాకు తెలియనే తెలియదు.

తర్వాత ఇంటి ఓనరు ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ఊరంతా గాలించినా గది దొరకలేదు, చివరికి ఎక్కడో దూరాన నేస్ అనే ఊళ్లో దొరికింది. ఆఖరి శనివారం సూట్‌కేసుతోనే లైబ్రరీకి వెళ్లాను. ఈసారి ఇక రానన్న నిజమే చెప్పాలనుకున్నాను. తీరా నోరు తెరిచి "వెళ్తాను, వస్తాను" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

పెద్దాయన అప్పటికే కోటు తొడుక్కున్నాడు. సూట్‌కేసు వంక చూశాడు. కోటు విప్పి, కూర్చుని, నా కప్పులో టీ పోసి సాసరు బోర్లించాడు.

మెట్లు దిగాను. కింద నిలబడి నేనెక్కాల్సిన బస్సునీ, నన్నూ, ఆ ఇల్లమ్ముకున్న మహానుభావుణ్ణీ కలిపి తిట్టుకున్నాను. సూట్‌కేసు ఈడ్చుకుంటూ మళ్లీ మెట్లెక్కాను.

ఆయన సాసరు తీసి కప్పు నా వైపు జరిపాడు.

"వచ్చావా? తాగు. ఇంకో బస్సుందిలే" అన్నాడు, ఇంగ్లీషులోనే.

పాట పాడమని ఆయన్ని ఎవరూ అడగలేదు.