సూసన్నా పెళ్లికి ఆమె తండ్రి వెళ్లాడా?

2021 వేసవి. సూరత్‌లో ఉధనా పక్కన డిండోలిలో మా అద్దె ఇల్లు. మా ఆయనది రైల్వే ఉద్యోగం కాబట్టి కరోనా ఎంత ఉన్నా డ్యూటీ తప్పేది కాదు. ఆయన తిరిగొచ్చి స్నానం చేసేదాకా మా రెండేళ్ల పాప చిన్నిని గదిలోంచి బయటికి రానిచ్చేదాన్ని కాదు. అది తుమ్మితే థర్మామీటరు పెట్టేదాన్ని, ఎక్కువగా నవ్వినా పెట్టేదాన్ని. ఆ భయం నుంచి రోజూ కాసేపు నన్ను బయటపడేసింది నా పనే.

చరిత్రలో ఎం.ఏ. చేసిన నేను ఇంట్లో కూర్చుని అమెరికా కుటుంబాల వంశవృక్షాలు వెతికి పెడతాను. వందల ఏళ్ల నాటి పుస్తకాల పేజీలు ఫొటోలుగా కంప్యూటర్‌లో దొరుకుతాయి. వాటిలో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు చదివి, ఎవరు ఎవరి బిడ్డో ఆధారంతో చూపించాలి. సిరిసిల్ల నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబం మా పక్కింటి లక్ష్మక్కది. ఆమెకు నా పని పెద్ద వేడుక.

"ఏంది పిల్లా, తెల్లోళ్ల తాతలు తప్పిపోతే సూరత్‌ల దొరుకుతరా?"

"దొరుకుతరక్కా, జర ఓపిక ఉండాలె."

"మరి మీ తాత వాళ్ల తాత పేరేంది?"

నాకు తెలియదు. ఆమె నవ్వు పై అంతస్తు దాకా వినబడింది.

ఆ రోజుల్లోనే పెన్సిల్వేనియా నుంచి రూత్ గారి కేసు వచ్చింది. ఎనభై దాటిన మనిషి. వాళ్లది తరతరాలుగా క్వేకర్ కుటుంబం. క్వేకర్లు క్రైస్తవుల్లో ఒక శాఖ. వాళ్లకు పాదిరి ఉండడు. పెళ్లిలో కూడా వధూవరులు అందరి ముందూ లేచి నిలబడి తామే మాట ఇచ్చుకుంటారు. వచ్చినవాళ్లంతా పెళ్లి సర్టిఫికెట్ మీద సంతకాలు పెడతారు. మా పనిలో అలాంటి సర్టిఫికెట్ దొరికితే పండగే. బంధువర్గమంతా ఒకే కాగితం మీద కనిపిస్తుంది.

రూత్ గారు వీడియో కాల్‌లో అడిగింది ఒక్కటే. అమెరికా ఇంకా ఇంగ్లండు పాలనలో ఉన్న కాలంలో, వాళ్ల పూర్వికురాలు సూసన్నా క్వేకర్ కాని అబ్బాయిని చర్చిలో పెళ్లి చేసుకుంది. ఆమె తండ్రి జోసెఫ్ ఆ పెళ్లికి వెళ్లాడా, లేదా?

"ఇన్నేళ్ల తర్వాత అదెందుకండీ?" అన్నాను.

"వచ్చే నెల నా మనవరాలి పెళ్లి. అబ్బాయి కేథలిక్. చర్చిలో ఫాదర్ చేస్తారు. నా కొడుకు రానంటున్నాడు. పెళ్లికూతురి తండ్రే రానంటున్నాడు! 'మన జోసెఫ్ తాత కన్నకూతురి పెళ్లికే వెళ్లలేదు, నేనెందుకు వెళ్లాలి' అని వాడి వాదన. ఆ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు."

"ఆ కథ నిజమేనని తేలితే?"

"అప్పుడు చెవి పట్టుకుని లాక్కెళ్లాలి. వాడిది ఆరడుగుల ఎత్తు, నాకు చెవి అందదు."

నవ్వారు గానీ, ఫోను పెట్టేసే ముందు "తొందరగా చూడమ్మా" అన్న గొంతులో నవ్వు లేదు.

చిన్ని మధ్యాహ్నం పడుకున్నప్పుడల్లా వెతికాను. క్వేకర్ల స్థానిక సంఘాన్ని మంత్లీ మీటింగ్ అంటారు. నెలకోసారి కూర్చుని తీర్మానాలు మినిట్స్ పుస్తకంలో రాసుకుంటారు. అప్పట్లో ఆడవాళ్ల మీటింగు వేరు, మగవాళ్ల మీటింగు వేరు. ఆడవాళ్ల మినిట్స్‌లో సూసన్నా దొరికింది. పాదిరి చేత పెళ్లి చేయించుకున్నందుకు ఆమె సభ్యత్వం తీసేశారు. దీన్ని డిసోన్‌మెంట్ అంటారు. పూర్తి వెలి కాదు. వచ్చి కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, సభ్యురాలు మాత్రం కాదు. చర్చి రిజిస్టర్‌లో ఆమె పెళ్లి కూడా దొరికింది. ఒకే ఒక్క వరుస. వరుడి పేరు, వధువు పేరు, తేదీ. క్వేకర్ పెళ్లయితే జోసెఫ్ సంతకం ఉందో లేదో చూసేదాన్ని. చర్చి పుస్తకంలో అతిథుల పేర్లే రాయరు.

'తండ్రి హాజరైనట్టు ఆధారం లేదు' అని రిపోర్టులో రాశాను. అది అబద్ధం కాదు. కానీ ఆ కొడుకు దాన్ని 'హాజరు కాలేదు' అనే చదువుకుంటాడు. నా వాక్యం వల్ల ఒక అమ్మాయి తండ్రి లేకుండా పెళ్లి చేసుకుంటుంది. పంపబుద్ధి కాలేదు.

పెళ్లికి ఇంతమందికి మించి రాకూడదని లెక్క ఉన్న రోజులవి. లక్ష్మక్క వాళ్లు జోల్వాలో చుట్టాల పెళ్లికి వెళ్లొచ్చారు. ఆ లెక్క దాటిందని ఎవరో చెప్పారు. మర్నాడు మా బిల్డింగు గేటుకు సొసైటీ వాళ్లు నోటీసు అంటించారు. పెళ్లికి వెళ్లినవాళ్ల పేర్లు రాసి, వీళ్లు కొన్నాళ్లు ఇల్లు కదలకూడదన్నారు. లక్ష్మక్క గ్రిల్ వెనక నుంచి నాతో మొరపెట్టుకుంది.

"చూసినవా? పెండ్లిల ఎవ్వలు నన్ను పట్టించుకోలే. ఫొటోల గూడ నేను వడలే. గీ నోటీసుల మాత్రం నా పేరే ముంగటేసిన్రు!"

"పోనీ అక్కా, పేరన్న వచ్చింది గద."

"అవ్ మల్ల! రేపు ఎవలన్న నువ్వు పెండ్లికి రాలే అంటే, గీ కాయితమే చూపిస్త!"

నవ్వుతూనే లోపలికి వచ్చాను. కుర్చీలో కూర్చున్నాక ఆ మాట తట్టింది. క్వేకర్లకు పాదిరి చేసే పెళ్లి చేసుకోవడమే కాదు, అలాంటి పెళ్లికి వెళ్లడమూ తప్పే. జోసెఫ్ వెళ్లి ఉంటే ఆయన మీద ఫిర్యాదు వచ్చి ఉండాలి. ఆ ఫిర్యాదు మగవాళ్ల మినిట్స్‌లో ఉండాలి. నేను కూతురి కోసం ఆడవాళ్ల పుస్తకమే చదివాను, మగవాళ్లది తెరవనే లేదు.

తెరిచాను. పెళ్లయిన కొద్ది నెలలకే ఉంది. జోసెఫ్ తన కూతురి పెళ్లికి స్వయంగా హాజరయ్యాడని ఫిర్యాదు. ఆయనతో మాట్లాడి రమ్మని ఇద్దరు పెద్దలను పంపారు. మరుసటి నెల వాళ్లు వచ్చి, 'తన తప్పు ఆయనకు ఇంకా తెలియడం లేదు' అని రాయించారు. ఆ మరుసటి నెలా అదే మాట. చివరికి జోసెఫ్ ఒక కాగితం రాసి ఇచ్చాడు. మీటింగు వారికి కష్టం కలిగించినందుకు విచారిస్తున్నానని అందులో ఉంది. పెళ్లికి వెళ్లినందుకు విచారిస్తున్నానని ఎక్కడా లేదు. పెద్దలు కూడా విసిగిపోయారేమో, అంతటితో ఒప్పుకున్నారు.

సాయంత్రం, వాళ్లకు తెల్లవారాక, రూత్ గారికి ఫోన్‌లో చదివి వినిపించాను.

"ఇంకోసారి చదువు," అన్నారు.

మళ్లీ చదివాను. ఈసారి 'తప్పు తెలియడం లేదు' అన్నచోట ఆవిడ పగలబడి నవ్వారు. "మా వంశమే! ఒక్కడికీ తప్పు తెలియదు!"

కూతురి డిసోన్‌మెంట్ కాగితం ఒక్కటే చూసిన ఏ వారసుడో తండ్రి కూడా కాదన్నాడని ఊహించుకుని ఉంటాడు. ఆ ఊహే ఇంటి కథ అయింది. రూత్ గారు పేజీల కాపీలు కొడుక్కి పంపించారు. 'తాత చివరికి క్షమాపణ చెప్పాడు కదా' అని జవాబిచ్చాడట. 'దేనికి చెప్పాడో సరిగ్గా చదువు' అని ఆవిడ తిరిగి రాశారట. ఆ తర్వాత కొడుకు నుంచి మాట లేదు. పెళ్లి రోజు దాకా నేను చిన్నికి జ్వరం వస్తుందేమోనని, ఆ పెళ్లి ఏమవుతుందోనని కూడా దిగులుపడ్డాను.

పెళ్లి మర్నాడు రూత్ గారు ఫోన్ చేశారు.

"వచ్చాడమ్మా! ముందు వరుసలో నా పక్కనే కూర్చున్నాడు. ఏడ్చి ఏడ్చి మాస్కు తడిపేసుకుంటే నా సంచిలోంచి ఇంకోటి తీసిచ్చాను."

"మీ మీటింగులో ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"ఈ కాలంలో ఎవరంటారు! అందరూ శుభాకాంక్షలు చెప్పారు. అదొక్కటే లోటు. ఫిర్యాదు లేకపోతే మావాడు వెళ్లాడని ముందు తరాలకు ఎలా తెలుస్తుంది?"

ఆ కేసు తర్వాత నేను రిపోర్టు రాసే పద్ధతి మారింది. 'ఆధారం లేదు' అనే ముందు ఏ పుస్తకాలు చూశానో, ఏవి చూడలేదో, ఏవి కాలిపోయాయో రాస్తాను. ఎవరైనా క్లయింటు 'మా తాత కూతుర్ని కాదన్నాడు' అంటే కూతురి పేజీ దగ్గర ఆగను, ఆ తాత మీద పడ్డ ఫిర్యాదులు వెతుకుతాను. చాలాసార్లు ఏమీ దొరకదు. అయినా వెతుకుతాను. కూతురి పెళ్లికి వెళ్లిన తండ్రి గురించి ఎవరూ రాసిపెట్టరు, వెళ్లడం తప్పయితే తప్ప.