అత్త బండికి కొత్త కప్పు

మా మేనత్త పోయిందని దేవరాపల్లి నుంచి మావయ్య ఫోన్ చేసేసరికి అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నిద్రలోనే పోయిందట. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని అంతా విని, తడి చీర భుజాన వేసుకుని అలాగే నిలబడిపోయింది అమ్మ. "గురక వినపడకపోయేసరికి గాబరాపడి లేచి చూశారంట మీ మావయ్య," అంది. ఏడవాల్సిన మాటే. కానీ ముందు ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏడ్చాం.

అత్త నాన్నకి అక్క. చెరుకూ వరీ పండించే ఇల్లు వాళ్ళది. పెద్ద గొంతు, పెద్ద నవ్వు, ఆ రెండింటికంటే పెద్ద గురక. కొత్తిమీర కట్ట కొన్నా బేరమాడకుండా వదిలేది కాదు. మా అనకాపల్లి బెల్లం చేతిలో పెడితే నాలిక మీద వేసుకుని, "ఇదేటి బెల్లమే, సప్పగుంది," అనేది. అంటూనే ఇంకో ముక్క అందుకునేది.

మా ఇంటి గృహప్రవేశం రోజు, భోజనాలయ్యాక అత్త చాప మీద నడుం వాల్చి గురక మొదలెట్టింది. వంటింట్లో అమ్మ ఎవరితోనో, "వదిన ఇంకో రోజుంటే కొత్త స్లాబు లేచిపోద్ది," అంది. సరదాకే అంది. సరిగ్గా అప్పుడే మెలకువొచ్చిన అత్త చెవిన పడింది. లేచి, చెంబుడు నీళ్ళు తాగి, సాయంత్రం బస్సెక్కేసింది. వెళ్తూ నాన్నతో, "తమ్ముడూ, నీ ఇంటికి వత్తాను, తింటాను. ఈ కప్పు కింద మాత్రం మరి తొంగోను," అని చెప్పింది. అన్న మాట ప్రకారం ఏళ్ళ తరబడి వచ్చింది, తింది, అమ్మ వంటకి వంకలు పెట్టింది, అమ్మతో కలిసి పగలబడి నవ్వింది. పొద్దువాలేసరికి మాత్రం సంచీ సర్దేది.

తర్వాత మా ఒక్క ఇంట్లోనే కాదు, ఎవరింట్లోనూ పడుకోవడం మానేసింది. అదేం పంతమో మాకు అర్థం కాలేదు. హైవే వెడల్పు చేసిన కంపెనీవాళ్ళు పనయిపోయాక, ఇంజనీర్లు ఉండే చక్రాల గది ఒకటి అమ్మకానికి పెడితే అత్త కొనేసింది. లోపల ఒక మంచం, స్టవ్వు పెట్టుకునే బల్ల, చిన్న కిటికీ. పైన నల్లటి రబ్బరు షీటు కప్పు. మావయ్య దాన్ని ట్రాక్టరుకి తగిలించి చుట్టాల పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళేవాడు. పాయకరావుపేటలో ఒక పెళ్ళివారు అది పెళ్ళికొడుకు కోసం తెప్పించిన బండి అనుకుని దండలు కట్టేశారు. అత్త విప్పనివ్వలేదు. దండలతోనే దేవరాపల్లి చేరింది.

నాన్నకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిన ఏడాది, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడే మా వీధిలోకి ట్రాక్టరు వచ్చింది. వెనకే బండి. మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో దాన్ని నిలబెట్టించి అత్త దిగింది. "నా ఇల్లు నానే తెచ్చుకున్నాను. మీకేటీ ఇబ్బంది లేదు," అంది అమ్మతో. పగలంతా నాన్న దగ్గరే. ఆయన చేతిలో నిమ్మకాయ పెట్టి, "పిసుకు తమ్ముడూ, పిసుకు. సిన్నప్పుడు నా జడ ఎలగ పీకేవు? ఆ జోరు ఏదీ?" అని సతాయించేది. నాన్న కోపంగా పిసికేవాడు. ఆమెకి కావలసింది ఆ కోపమే. చీకటి పడితే బండిలోకి వెళ్ళి తలుపేసుకునేది.

ఒక సాయంత్రం జడివాన పట్టుకుంది. కిటికీలోంచి చూస్తే బండి తలుపు తెరిచే ఉంది. అత్త మంచం మీద గొడుగు వేసుకుని కూర్చుంది. చుట్టూ గిన్నెలు, చెంబులు, ఆఖరికి టీ వడగట్టే జల్లెడ కూడా పెట్టింది. అమ్మ ఇంకో గొడుగు తీసుకుని వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను.

"వదినా, లోపలికి రండి."

"నాకేటి? బాగానే ఉన్నాను."

"జల్లెడలో నీళ్ళు పడుతున్నారు. బాగానే ఉన్నారా?"

అత్త జల్లెడకేసి చూసి నవ్వు ఆపుకుంది. అమ్మ వెళ్ళి తడి మంచం మీద ఆమె పక్కనే కూర్చుంది. "అప్పుడేదో నోరు జారేను వదినా. ఇంకా మనసులోనే పెట్టుకున్నారా?"

"నువ్వన్నావని కాదే," అంది అత్త. ఆ పెద్ద గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. "నువ్వన్నది నిజమే. ఆ రోజు కాడి నుంచి ఎవులింట్లో తొంగున్నా నిద్రట్టదు. కళ్ళు మూసుకుంటే ఎవులు నవ్వుతారో అని."

రెండు గొడుగుల మీదా వాన టపటపా పడుతోంది. అమ్మ లేచి, "మీ తమ్ముడు మిమ్మల్నే అడుగుతున్నారు. రండి," అని చెయ్యి పట్టుకుని లేవదీసింది.

"రూఫు బాగయ్యేదాకానే," అంది అత్త గడప దాటుతూ.

మర్నాడు పొద్దున్న అమ్మ కళ్ళు మందారాల్లా ఉన్నాయి. "నాను గురకెట్టేనా?" అని అడిగింది అత్త. "ఏం లేదు, హాయిగా నిద్రపోయాం," అంది అమ్మ ఆవలింత మింగుతూ. నాన్న మాత్రం వంకర తిరిగిన మూతితో, ఒక్కో మాటా కూడబలుక్కుని, "ఆసుపత్రి... నించొచ్చాక... రాత్రే... నిద్రట్టింది," అన్నాడు. చిన్నప్పుడు ఆ గురక పక్కనే పడుకుని పెరిగాడాయన.

రూఫు చూడడానికి బజార్లో సీటు కవర్లు, టార్పాలిన్లు కుట్టే భాయ్ వచ్చాడు. నిచ్చెన వేసి ఎక్కి, షీటు ఎత్తి చూసి, "అక్కా, రబ్బరు మొత్తం పీకాలి. కింద ప్లైవుడ్డు నానిపోయింది, అదీ మార్చాలి. నలభై వేలవుద్ది," అన్నాడు.

"బండి కొన్నదే యాభైకి! పైన టోపీకి నలభయ్యా?"

"టోపీ కాదక్కా, తలకాయే పోయింది."

అలా మొదలైంది బేరం. అత్త రోజు విడిచి రోజు నన్ను వెంటబెట్టుకుని భాయ్ షాపుకి వెళ్ళేది. ఆయన ముప్ఫై అయిదన్నాడు. కాదంది. ముప్ఫై అన్నాడు. కాదంది. ఈలోగా నాన్న గోడ పట్టుకుని నడవసాగాడు. అమ్మ చెవుల్లో దూది పెట్టుకోవడం నేర్చుకుంది. ఒకరోజు భాయ్ విసుగెత్తి, "నాకు రూపాయి మిగలదు. ఇరవై అయిదుకి వేసేస్తా. రేపే వస్తా," అన్నాడు.

అత్త ముఖం పాలిపోయింది. "రేపేనా?" అంది. కాదనడానికి ఇంక సాకు లేదు. చేతిసంచీ జిప్పు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. భాయ్ ఆమె ముఖంలోకి చూశాడు. నావైపు చూశాడు. చేతిలో కత్తెర కింద పెట్టి, "ఆగక్కా, మర్చిపోయా. రబ్బరు రేటు పెరిగిపోయింది. ఇప్పుడు నలభై అయిదుకి తక్కువ పడదు," అన్నాడు.

అత్త ముఖం వెలిగిపోయింది. "సూసేవా గుంటా, ఈ భాయ్ అన్నేయం!" అని దారి పొడుగునా తిట్టుకుంటూ, ఇంటికొచ్చి గారెలు వండింది.

నాన్న కోలుకున్నాక అత్త దేవరాపల్లి వెళ్ళింది. బండి మాత్రం ఇక్కడే ఉండిపోయింది. కప్పు బాగుచెయ్యకుండా రోడ్డెక్కిస్తే ప్రమాదమట. అందుకని నెలకోసారి రూఫు సంగతి చూడడానికి వచ్చేది, వారమేసి రోజులుండేది, మా హాల్లోనే పడుకునేది. భాయ్ ఆమె వచ్చినప్పుడల్లా ధర పెంచుతూ వచ్చాడు. ఆఖరికి అది బండి ధర కూడా దాటిపోయింది.

కర్మకాండలయ్యాక అమ్మ ఒక్కతే భాయ్ షాపుకి వెళ్ళింది. ఎంతవుతుందని అడగలేదు. ఆయన చెప్పలేదు. రెండు రోజులు దగ్గరుండి పని చేయించాడు. పాత రబ్బరు పీకించి, కొత్త పలక వేయించి, నిగనిగలాడే నల్లషీటు పరిపించి, అంచులు తనే చేత్తో అదిమాడు.

మొన్న సాయంత్రం వాన పడింది. అమ్మ కనిపించక వెతికితే, ఆ బండిలో మంచం మీద కూర్చుని పైకి చూస్తోంది. ఒక్క చుక్క కారడం లేదు. రబ్బరు మీద వాన చప్పుడు లోపలంతా గురగురమని మోగుతోంది. వీధి గుమ్మంలోంచి నాన్న, "తడుస్తావు, లోపలికి రా," అని కేకేశాడు.

"వస్తున్నా, కాసేపాగి," అంది అమ్మ. అని, మంచం మీద నడుం వాల్చి కళ్ళు మూసుకుంది.