ఆసుపత్రి గోడమీది జబ్బు దేవుడు

ఆ బొమ్మ గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. మలయాలో సుంగై సిపుట్ దగ్గర మా రబ్బరు తోటకి మేనేజరు ఒక ఫ్రెంచి దొర. తమ దేశపు పుస్తకంలోంచి ఒక అచ్చుబొమ్మ తీసి, అద్దం కట్టించి, తోట ఆసుపత్రి గోడకి తగిలించాడు. పెద్ద కుర్చీలో దుప్పటి కప్పుకుని, తలకి గుడ్డ చుట్టుకున్న మనిషి. చుట్టూ నల్ల అంగీల వాళ్లు వంగి నిలబడ్డారు. ఒకడి చేతిలో ఇంత పొడుగు పిచికారీ.

మా కూలి లైన్ల ఇళ్లలో వాళ్లకి అద్దం కట్టిన బొమ్మ కనిపిస్తే చాలు, దణ్ణం పెట్టేస్తారు. కుర్చీలో ఉన్నాయన దొరల జబ్బు దేవుడనీ, పిచికారీ ఆయన ఆయుధమనీ అనుకున్నాం. మా అమ్మ ప్రతి శుక్రవారం ఆ అద్దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. మందులిచ్చే డ్రెస్సరు అంతా చూస్తూ కూడా నోరు మెదపలేదు, దొంగ వెధవ!

ఆ ఏడు వానల్లో అమ్మకి చలిజ్వరం పట్టుకుంది. పొద్దున్నే నా భుజం పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. డ్రెస్సరు సెలవు చీటీ రాస్తే పడుకోవచ్చు. రాయకపోతే రబ్బరు పాల కోసం చెట్లు గీయడానికి వెళ్లాల్సిందే.

"బాబూ, నిలబడనేకపోతన్నాను. సీటీ రాయండి" అంది.

వాడు ఆమెని ముట్టుకోను కూడా లేదు. బొమ్మ చూపించి పగలబడి నవ్వాడు.

"ఈడు దేవుడనుకున్నావేటే? ఈడికి ఏ రోగమూ నేదు. ఉందనుకుని కుర్చీ దిగడు. దొర దేశంలో ఇదో హాస్య నాటకం, జనం సూసి పడీపడీ నవ్వుతారు. మీరంతా ఇలాంటోళ్లేనని దొర తెచ్చి పెట్టినాడు. పో పనికి!"

అమ్మ ముఖం నల్లబడిపోయింది. మళ్లీ అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

"దొర కాళ్లు పట్టుకుందామే అమ్మా" అని ఏడ్చాను.

"నోర్ముయ్యే. నన్ను సూసి ఆలందరూ నవ్వాలేటి?"

మూడు రోజులు ఆ జ్వరంతోనే గీసింది. ఎవరైనా వస్తుంటే వణుకు కనపడకుండా చెట్టుని గట్టిగా పట్టుకుని నిలబడేది. నాలుగో రోజు అలా పట్టుకున్న చెట్టు కిందే పడిపోయింది.

డ్రెస్సరు పరుగున వచ్చాడు. మొట్టమొదటిసారి ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు. ఆ చెయ్యి అప్పటికే చల్లబడిపోయింది.

"ఇంత జొరం ఉంటే ముందే సెప్పొద్దేటే?" అని నన్ను కసిరాడు.