వంటావార్పులో మా ఆయన భోజనం

ఊపిరి తీసుకోవడానికే మా ఆయన ఒంట్లో శక్తంతా ఖర్చయిపోతోందని, అందుకే చిక్కిపోతున్నారని ఊపిరితిత్తుల డాక్టరు చెప్పారు. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినమన్నారు, రోజూ నడవమన్నారు. ఈయన రెండూ చేసేవారు కాదు. తింటే ఆయాసమట, నడుద్దామంటే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డంతా బస్సుల పొగట. తెలంగాణ రాకూడదని టీవీ మీద అరవడానికి మాత్రం ఊపిరి ఎక్కడినుంచో వచ్చేది.

ఒకరోజు ఉద్యమంవాళ్లు మెయిన్ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. బండ్లన్నీ ఆగిపోయాయి. "వెళ్లి వాళ్లను కడిగేసి వస్తాను" అంటూ ఈయన గుంటూరు పౌరుషంతో బయల్దేరారు. ఎంతకీ రాకపోయేసరికి కంగారుగా వెతుక్కుంటూ వెళ్లాను.

చూద్దును కదా, పొయ్యిల పొగకు దూరంగా కుర్చీలో కూర్చుని కోడిగుడ్డు కూరతో అన్నం తింటున్నారు.

"ఇంటి నుంచి ఇంత దూరం నడిచొచ్చేసరికి ఆయాసంతో నోట మాట రాలేదే. వీళ్లే కూర్చోబెట్టారు" అన్నారు.

వడ్డిస్తున్నామె నన్ను ఎగాదిగా చూసింది. "ఏందక్కా, అన్నకు ఇంట్ల తిండి పెడ్తలేవా? గింత బక్కగున్నడు!"

నాకు తల కొట్టేసినట్టయింది. తినమని, నడవమని డాక్టరు చెప్పిందంతా ఆమెకు చెప్పుకున్నాను. మా ఆయన మాత్రం ఇంకో గుడ్డు వేయించుకున్నారు.

ఆ వడ్డించినామె వాళ్లిల్లు మా వెనక వీధే. మర్నాటి నుంచి, బస్సులు తిరగకముందే ఆమె భర్త వచ్చి ఈయన్ని నడకకు లాక్కెళ్లేవాడు. దారంతా రాష్ట్రం గురించి కొట్లాటే. ముందు ఎవరికి ఆయాసమొస్తే వాళ్లు ఓడినట్టు. మా ఆయన రోజూ ఓడిపోయి, ఆకలితో ఇంటికొచ్చి, అతన్ని తిట్టుకుంటూనే ఉప్మా మారు వడ్డించుకునేవారు.