తెల్లది నాకు, పచ్చది బాపుకు

మా వీధిలో ఈమధ్య జిమ్ముకు పోయే కుర్రాళ్లు ఎక్కువయ్యారు. పోతే పోనీ, నాకేం బాధ లేదు. కానీ వచ్చి వచ్చి నన్నే అడుగుతారు: “అన్నా, గుడ్డు మొత్తం తినాల్నా, తెల్లది ఒక్కటే తినాల్నా?” చేతిలో ఫోను ఉంటుంది, అందులో వంద జవాబులు ఉంటాయి, చూసుకోవచ్చు కదా! నేను డాక్టరును కాను, పహిల్వానును కాను. అయినా ఆ మాట చెవిన పడితే తప్పుకుని పోలేను. ఒకప్పుడు గోదావరిఖనిలో, మా కంపెనీ క్వార్టర్లో, ఆ సంగతి తేల్చుకుందామని నాలుగు నెలలు చూసినవాణ్ణి నేను. తెల్లసొన నేను తిన్నాను. పచ్చసొన మా బాపు తిన్నాడు.

ఎందుకు తిన్నామో చెప్పాలంటే ముందు మా బొగ్గుబాయిల పద్ధతి ఒకటి చెప్పాలి. బాయిలో దిగే మనిషి ఒళ్లు పాడై ఇక పనికి రాడని మెడికల్ బోర్డు తేల్చిందనుకోండి, ఆయన ఇంట్లో కూర్చుంటాడు, ఆ నౌకరి కొడుక్కి వస్తుంది. దాన్ని మేం అన్‌ఫిట్ కావడం అంటాం. బయటి ఊళ్లవాళ్లకు వింతగా ఉంటుంది గానీ, మా కాలనీలో ఫలానా ఆయన అన్‌ఫిట్ అయ్యాడంటే పక్కింటివాళ్లు మిఠాయి అడుగుతారు. ఫిట్ అన్నారట అంటే అయ్యో పాపం అంటారు. నేను పుట్టి పెరిగింది అక్కడే కాబట్టి ఇందులో తలకిందులు ఏముందో నాకు చాలా ఏళ్లదాకా తెలియలేదు.

మా బాపు కోల్ ఫిల్లర్. బొగ్గును తట్టలోకి ఎత్తి, పట్టాల మీద నడిచే టబ్బుల్లో నింపడం ఆయన పని. ముప్పై ఏళ్లు అదే పని చేశాడు. మోకాళ్లు నొప్పులు, తెల్లారుజామున దగ్గు, కొంచెం బీపీ. రిటైర్మెంటు దగ్గరపడింది. బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవడానికి అదే ఆఖరి మోక. అన్‌ఫిట్ అంటే నాకు బాయి నౌకరి. ఫిట్ అంటే ఇక జన్మలో లేదు. నేనేమో డిగ్రీ పూర్తిచేసి, ఒక సెల్‌ఫోన్ల రిపేరు షాపులో వేరేవాళ్ల స్టూలు మీద కూర్చుంటున్నాను. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు కూడా టీ తాగి, “బోర్డు అయినంక చూద్దాం తీ” అని లేచిపోయేవాళ్లు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. తండ్రి అన్‌ఫిట్ అయితే చాలదు, కొడుకు ఫిట్ కావాలి. నౌకరిలో చేరేముందు వాడికీ మెడికల్ చేస్తారు. అప్పటికి నేను టైఫాయిడ్ నుంచి లేచి ఏడాది కాలేదు. చొక్కా విప్పితే పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. అందుకని కమ్యూనిటీ హాలు వెనకాల ఉన్న వ్యాయామశాలకు పోవడం మొదలుపెట్టాను. ఇనుపరాడ్ల చివర సిమెంటు పోసిన డబ్బాలు, గోడకు పగిలిన అద్దం, అంతే. అది నడిపే ఆయన బాయిలోనే ఫిట్టరు. అందరూ ఉస్తాద్ అని పిలిచేవాళ్లం.

“తమ్మీ, దినాం ఆరు గుడ్లు ఉడకబెట్టుకో. తెల్లది తిను, పచ్చది ముట్టకు,” అన్నాడు ఉస్తాద్.

“ఎందుకన్నా?”

“పచ్చదాంట్ల అంత కొవ్వే. గుండెకు మంచిది కాదు.”

నాకు చిన్నప్పటి నుంచి ఒక రోగం ఉంది. ఎవరేం చెప్పినా ఒక్కరి మాటతో ఊరుకోను. మరునాడు గుడ్ల దుకాణం అక్కను అడిగాను. ఆమె పకపక నవ్వింది. “తెల్లదాంట్ల ఏముంటదిరా, ఉత్త నీళ్లు! పచ్చదాంట్లనే పాణం ఉంటది. నీకొద్దంటే నాకు తెచ్చియ్యి,” అంది. కాలేజీలో నాకు జువాలజీ చెప్పిన సారు బజార్లో కనబడితే ఆయన్నీ వదల్లేదు. సారు కూరగాయల సంచి కింద పెట్టి మరీ ఆలోచించాడు. “గుడ్డులో పిల్ల పెరిగేది ఆ పచ్చసొన తినే కదా. మరి దాని గుండెకేం కాలేదేం?” అన్నాడు. అబ్బ, ఆ మాట నాకు ఎంత నచ్చిందో! రెండు రోజులు అదే తలుచుకుంటూ తిరిగాను.

ఆ తర్వాత కంపెనీ దవాఖానలో నర్సక్క. బాపు బీపీ గోలీలు తేవడానికి పోయినప్పుడు అడిగాను.

“బీపీ ఉన్నోళ్లు పచ్చది బంద్ చెయ్యాలె,” అంది.

“తింటే ఏమైతదక్కా?”

“ఏమైతది, గుండె ఖరాబైతది.”

“ఎన్ని దినాలల్ల అయితది?”

ఆమె రాస్తున్న పెన్ను ఆపి నా ముఖం వంక చూసింది. నేను గోలీలు జేబులో వేసుకుని జల్దీ బయటపడ్డాను.

ఎందుకు అలా అడిగానో దాచను. అప్పటికే మా ఇంట్లో పచ్చసొనలు బాపు పళ్లెంలో పడుతున్నాయి. అది నేను పన్నిన పన్నాగమేం కాదు, మొదట మా అవ్వ చేసిన ఏర్పాటు. కన్నతల్లిని మేం అవ్వ అనే పిలుస్తాం. అవ్వ నీసు తినదు. హీటరు పొయ్యి మీద నేనే గుడ్లు ఉడికించి, పొట్టు తీసి, తెల్లది ఒలుచుకుంటుంటే గిన్నెలో మిగిలిన ఆరు పచ్చటి ఉండలు చూసి గుండెలు బాదుకుంది. “ఆరుకు ఆరు పారేసుడా? నీకేమన్న పిచ్చి లేసిందా?” అని, ఉప్పు, మిరియాల పొడి చల్లి బాపు ముందు పెట్టింది. బాపు ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

మొదటి వారం అది ఉత్త పొదుపే. నర్సక్క మాట విన్న రోజే నా బుర్రలో పురుగు దూరింది. బోర్డుకు ముందు మా దగ్గర ఎవరు ఏం చేయలేదు గనక? వారం రోజులు అన్నంలో కూరకు బదులు ఆవకాయే తిని బీపీ పెంచుకున్నవాళ్లు ఉన్నారు. ఎన్నడూ బీడీ ముట్టకుండా ఉండి కట్టలు కట్టలు కాల్చినవాళ్లు ఉన్నారు. ఇంట్లో ఒకడు గట్టిపడాలి, ఒకడు చెడిపోవాలి. ఒక్క గుడ్డు రెండు పనులూ చేసిపెడుతుంటే నేనెందుకు అడ్డం పడాలి? ఈ ఆలోచన నాకు వచ్చింది. రాలేదంటే నా నోట్లో పురుగులు పడతాయి. చెప్పి ఆపాల్సింది. ఆపలేదు.

బాపు మాత్రం తిననని మొండికేశాడు. కారణం వింటే నవ్వొస్తుంది. “పచ్చది బలమైంది కదరా! గిది తిని నేను గట్టిపడితే బోర్డుల ఫిట్ అంటరు. నీ నౌకరి పోతది. నువ్వే తిను కొడుకా,” అన్నాడు. నేను తలవంచుకుని, “ఏం కాదు తిను బాపూ,” అన్నాను. తిన్నాడు. పైగా షిఫ్టులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. ఆయనతో పనిచేసే కాక ఒకాయన మా షాపుకు వచ్చి, “మీ బాపుకు గుడ్డుల మంచిది పెట్టి నువ్వు సప్పటిది తింటున్నవట. గిసుంటి కొడుకు ఎవలకుంటడురా!” అన్నాడు. ఆ పూటంతా ఒక్క ఫోనూ సరిగా విప్పలేకపోయాను.

అదే నెలలో ఒక సాయంత్రం బాపు వ్యాయామశాలకు వచ్చాడు, కొడుకు కసరత్తు చూద్దామని. ఉస్తాద్ పక్కన బల్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. నేను రాడ్డు ఎత్తుతూ అద్దంలోంచి చూస్తున్నాను. ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. ఆ రోజు తర్వాత బాపు బలం సంగతి మళ్లీ ఎత్తలేదు, పళ్లెం ముందు పెడితే మారు మాట్లాడకుండా తినేవాడు. నాలుకకు రుచి పడ్డదనుకున్నాను.

నేను మాత్రం రోజూ ఆయన్ను చూస్తూనే ఉండేవాణ్ణి. చూడటమంటే మామూలుగా కాదు. నల్లా దగ్గర నుంచి బిందె మోసుకొస్తే ఎన్నిసార్లు ఆగాడు, మెట్టెక్కితే ఆయాసం వచ్చిందా, పడుకున్నప్పుడు ఛాతీ ఎలా లేస్తోంది. ఏదో ఒకటి కనబడాలని ఆత్రం. కనబడితే ఎలా అని భయం. కొంచెం గట్టిగా దగ్గితే చాలు, లేచి ఆయన పక్కకు పోయేవాణ్ణి. ఒకరోజు తట్టుకోలేక, “ఇయ్యాల గుడ్లు దొరకలే,” అని అబద్ధం చెప్పాను. అప్పుడే మొదటి షిఫ్టు దిగి వచ్చిన మనిషి, స్నానమన్నా చేయకుండా గిన్నె పట్టుకుని పోయి ఆరు గుడ్లు తెచ్చాడు. “నాగాలు పెట్టకు. నాగా పెడితే పని చెయ్యదట,” అన్నాడు. నా కండల గురించి అంటున్నాడనుకున్నాను.

అవి తెలంగాణ కోసం జోరుగా కొట్లాట నడుస్తున్న రోజులు. సమ్మెలు, బంద్‌లు, బస్సులు లేవు. బోర్డు తారీఖు ఒకసారి వెనక్కిపోయింది. మూడు నెలలు అనుకున్నది నాలుగైంది. ఈలోపు నా ఛాతీకి చొక్కా బిగుతైంది. వింతేమిటంటే, బాపు బుగ్గలు కూడా నిండాయి. నల్లా దగ్గర నుంచి ఆగకుండా వస్తున్నాడు. అవ్వ దిష్టి తీసింది. గుడ్ల దుకాణం అక్క చెప్పిందే నిజమా, ఉస్తాద్ చెప్పింది నిజమా, పైకి ఇలా ఉండి లోపల పాడవుతోందా? ఎవరిని అడగను? అడిగితే, ఎందుకు పెడుతున్నావని తిరిగి అడుగుతారు కదా.

బోర్డు రోజు తెల్లారుజామున బస్సెక్కి పెద్దదవాఖానకు పోయాం. వరండాలో బెంచీల నిండా బాయి మనుషులే. డాక్టరు గది తలుపు కిర్రుమంటే చాలు, అందరికీ ఒకేసారి దగ్గు వచ్చేది. ఒకాయన పొద్దున మాతోపాటు చకచకా నడిచొచ్చి, లోపలికి పిలవగానే ఇద్దరి భుజాల మీద వాలిపోయాడు. నవ్వు ఆపుకోలేక నేను గోడవైపు తిరిగాను. బాపు మాత్రం నటించలేదు. నిటారుగా కూర్చుని, “రక్తంల ఏమన్న ఉంటే అదే కనబడ్తది,” అన్నాడు. రక్తం తీశారు, గుండెకు వైర్లు తగిలించారు, ఊదమన్నారు, నడిపించారు.

మధ్యాహ్నం దాటాక పిలిచారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. పెద్ద డాక్టరు కాగితాలు తిప్పి చూసి సంతోషంగానే చెప్పాడు. “రక్తంలో కొవ్వు ఎక్కువ లేదు. గుండె బాగుంది. బీపీ కూడా అదుపులోనే ఉంది. మోకాళ్లు ఈ వయసులో ఎవరికైనా నొస్తాయి. ఫిట్. హాయిగా డ్యూటీ చేసుకో.”

బాపు లేవలేదు. “సార్, గుండె ఇంకోసారి సూడుండ్రి,” అన్నాడు. డాక్టరు నవ్వి, ఏమీ లేదని భుజం తట్టి పంపించాడు.

ముందుగా నాకు వచ్చింది దుఃఖం కాదు. ఊపిరి వచ్చింది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. నౌకరి పోయింది, అది తర్వాత గుర్తొచ్చింది. బస్టాండు పక్క హోటల్లో రెండు చాయ్‌లు చెప్పి, ఇక కడుపులో దాచుకోలేక ఆయన ముందు బయటపెట్టాను. “బాపూ, ఆ పచ్చది... అది తింటే గుండె ఖరాబైతదని నాకు ఎరుకే. ఎరుకై కూడ పెట్టిన. నేను మనిషిని కాదు,” అన్నాను.

ఆయన చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకున్నాడు. “నాకెరుక లేదా?” అన్నాడు.

“ఏందీ?”

“మీ ఉస్తాద్ చెప్పిండు కదరా, కసరత్తు సూడ వచ్చిన నాడు. బీపీ ఉన్నోనివి, పచ్చది జర్ర తినకు కాకా, గుండెకు కొడ్తదన్నడు. నీకు చెప్పద్దని నేనే అన్న.”

“మరి ఎందుకు తిన్నవు?”

ఏం పిచ్చి ప్రశ్న అన్నట్టు చూశాడు. తర్వాత ఆయన తల వాలిపోయింది. ఏదో తప్పు చేసి దొరికిన మనిషిలా అన్నాడు:

“ఒక్క దినం గూడ ఇడ్వలే బిడ్డా. నాలుగు నెలలు నువ్వు పెట్టినన్ని తిన్న. ఏం చెయ్యాలె, నా గుండె ఖరాబు గాలే. నీకు నౌకరి ఇప్పియ్యకపోతి. ఏమనుకోకు.”

హోటల్లో అందరూ చూస్తున్నా నేను వెక్కి వెక్కి ఏడ్చాను. బాపు నా వీపు మీద చెయ్యి వేసి, “ఊకో, బస్సొచ్చింది, లే,” అన్నాడు. తెల్లారితే ఆయనకు మొదటి షిఫ్టు.