బల్ల తీసుకోని కూర్మమ్మ

నెల మొదటి ఆదివారం వచ్చిందంటే కూర్మమ్మకు చేతినిండా పని. ఆ రోజు చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. నల్లద్రాక్ష ఉడికించి, పిసికి, తెల్లగుడ్డలో వడకట్టి రసం తీసేది ఆమే. చిట్టి గ్లాసులు కడిగి, తుడిచి, పళ్ళెంలో పేర్చేదీ ఆమే. రసంలో పంచదార చాలిందో లేదో చూడాలంటే మాత్రం పాస్టరుగారి భార్య పద్మకుమారిని పిలిచి ఆమె అరచేతిలో ఒక చుక్క వేసేది. తాను నాలిక మీద వేసుకునేది కాదు. ఆరాధనలో తెల్లచీరల వరసల వెనక కూర్చుని, రొట్టె పళ్ళెం తన దాకా వస్తే రెండు చేతులా అందుకుని పక్కావిడకు ఇచ్చేసేది. బాప్తిస్మం లేనివాళ్ళు ఆ రొట్టె తినకూడదని చర్చి నియమం. ముప్పై నాలుగేళ్ళు చర్చికి చాకిరీ చేసిన కూర్మమ్మకు బాప్తిస్మం లేదు.

ఎందుకు లేదంటే కొడుకు నరేష్ వద్దన్నాడు కాబట్టి. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

వాళ్ళ ఊరు కోటబొమ్మాళికి నాలుగు కిలోమీటర్లు. ధాన్యం బస్తాల ట్రాక్టరు బోల్తాపడి భర్త అసిరయ్య పోయేనాటికి నరేష్‌కి పన్నెండేళ్ళు. దినాలు అయిపోగానే చుట్టాలు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. అంతవరకు ముఖపరిచయం మాత్రమే ఉన్న జగన్నాధం పాస్టరు, ఆయన భార్య నెల్లాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఆయన పేరు జగన్నాధమేమిటని నవ్వేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. తాత పెట్టిన పేరు, తీసెయ్యడం దేనికని ఆయన అలాగే ఉంచుకున్నాడు. ఆ భార్యాభర్తలు కూర్మమ్మకు చెప్పిన బైబిలు వాక్యం తక్కువ. పద్మకుమారి గంజి కాచి తాగించేది, చిక్కులు పడిన జుట్టు విడదీసి దువ్వేది. ఒక ఆదివారం కూర్మమ్మ తనంతట తాను లేచి చర్చికి వెళ్ళింది. ఆ తర్వాత మానలేదు.

ఆమెకు అక్షరమ్ముక్క రాదు, బోధ చెయ్యడం అసలే చేతకాదు. నాట్లకో కోతకో వెళ్ళి, సాయంత్రం కాళ్ళు కడుక్కుని, మంచాన పడ్డవాళ్ళు ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటికి వెళ్ళేది. వాళ్ళది ఏ కులమో చూసుకునేది కాదు. కోటబొమ్మాళిలో కిరాణా కొట్టు నగరేశ్వరరావు తల్లి పక్షవాతంతో రెండేళ్ళు తీసుకుంది. ఆ ఇంట్లో కూర్మమ్మలాంటివాళ్ళు వీధి అరుగు దాటి ఎరగరు. తల్లి వీపు పుండ్లు పడ్డాక నగరేశ్వరరావే లోపలి గది తలుపు తీశాడు. ఆమె రోజూ వెళ్ళి ఒళ్ళు తుడిచి, పుండ్లు కడిగి, పక్క మార్చి వచ్చేది.

"కూలి ఒద్దంటావు, బియ్యం ఒద్దంటావు. మరేటి కావాల కూర్మమ్మా?" అని అడిగాడు ఆయన.

"పెద్దమ్మగారికి కునుకు పడితే సాలు బాబూ" అంది ఆమె.

ఇలాంటి మనిషికి ఒకే ఒక్క కోరిక ఉండేది. బాప్తిస్మానికి నీళ్ళలోకి దిగాలి, పైకి వచ్చి ఆ రొట్టె తినాలి. మొదటిసారి ఆ మాట అన్నప్పుడు నరేష్ పదో తరగతి. హాస్టల్ సీటూ, స్కాలర్‌షిప్పూ ఎస్సీ సర్టిఫికెట్ మీద నడుస్తున్నాయి. మతం మారినవాళ్ళకు ఆ సర్టిఫికెట్ చెల్లదని అప్పుడే ఎవరో వాడి చెవిన వేశారు.

"నువ్వు చర్చి పుస్తకంలోకి ఎక్కితే నా సదువు పోతాదమ్మా. ఇది అవనీ" అన్నాడు.

"సరే బాబూ, నీ సదువు అవనీ" అంది కూర్మమ్మ.

చదువు అయ్యాక ఉద్యోగం. ఉద్యోగం అయ్యాక ప్రమోషన్. అడిగినప్పుడల్లా నరేష్ ఇంకొక గడువు పెట్టాడు. అతన్ని కసాయివాడని అనుకోకూడదు. శ్రీకాకుళంలో అతని ఆఫీసులోనే ఒకాయన మీద, మతం మారాడని, ఎవడో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే, ఆ సర్టిఫికెట్ విచారణ మూడేళ్ళు సాగి, ఆ మనిషి చిక్కి సగమయ్యాడు. అన్నం పోతుందన్న భయం అది, ఎగతాళి చెయ్యదగ్గది కాదు. కాని భయంతో చెప్పిన మాట నాలుగోసారికి అలవాటైపోయింది. "సింధు కౌన్సెలింగ్ అయిపోనీ అమ్మా, దాని సీటు తేలిపోనీ" అని కూతురి కాలేజీ సీటు గురించి అన్నప్పుడు అతను ఫోన్ చూసుకుంటూనే అన్నాడు. తర్వాత తల్లి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. పెద్దవయసులో ఆ కోరిక చల్లారి ఉంటుందని నరేష్ సరిపెట్టుకున్నాడు. తనకు తాను నచ్చజెప్పుకోవడంలో అతనికి సాటి లేరు.

మొన్న జూలైలో, పక్కింటి బాలింతకు నీళ్ళుపోసి వచ్చి, గుమ్మంలో కూలబడి, కూర్మమ్మ మళ్ళీ లేవలేదు.

నరేష్ భార్య శైలజనూ కూతురు సింధునూ వెంటబెట్టుకుని వచ్చేసరికి వాకిలి నిండా జనం. కిరాణా నగరేశ్వరరావు కొట్టు మూసేసి, చెప్పులు దూరంగా విడిచి, శవం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మనిషి, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. అది చూసి నరేష్‌కి సిగ్గేసింది. తనకింకా ఏడుపు రాలేదు.

చర్చి వెనక సమాధుల తోటలో గొయ్యి తవ్వబోతుంటే సంఘపెద్ద నరసింగరావు అడ్డం వచ్చాడు. ఆయనా తల వంచుకునే మాట్లాడాడు.

"కూర్మమ్మంటే నాకు మాత్రం గౌరవం లేదేటి? కాని పుస్తకంలో పేరు లేని మనిషిని తోటలో ఎలా పెడతాం? రేపు ఇంకొకళ్ళు అడుగుతారు."

పాస్టరు నరేష్ వైపు చూశాడు. నరేష్ పక్కనే ఆఫీసు నుంచి వచ్చిన ధర్మేంద్ర నిలబడి ఉన్నాడు. ఇతను వింటే సోమవారానికి ఆఫీసంతా వింటుంది. నరేష్ పాడె మీద తల్లి ముఖం చూశాడు.

"మా అమ్మ క్రైస్తవురాలేనండి. ముప్పై నాలుగేళ్ళుగా క్రైస్తవురాలే. పుస్తకం తెండి, కొడుకుగా నేను రాసి సంతకం పెడతాను" అన్నాడు.

ధర్మేంద్ర నేల చూపులు చూశాడు. నరసింగరావు తానే వెళ్ళి పుస్తకం తెచ్చాడు. నరేష్ సంతకం వంకరగా పడింది. కూర్మమ్మను తోటలో, గోడ పక్కన కాదు, నడిమధ్యనే పెట్టారు.

మన్ను వేశాక అందరూ వెళ్ళిపోయారు. పాస్టరు చర్చి మెట్టు మీద కూర్చుంటే నరేష్ వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఒక మంచి పని చేశానన్న తేలికదనం అతనికి కొంచెం కలిగింది.

"ఈ కాగితాల గొడవ లేకపోతే అమ్మ ఎప్పుడో బల్ల తీసుకునేదండి" అన్నాడు.

జగన్నాధం పాస్టరు తల అడ్డంగా ఆడించాడు.

"కాగితాలు ఆపలేదు నాయినా" అన్నాడు. "మూడేళ్ళ కిందట ఆమెకి జొరం తగిలినప్పుడు నాకు భయమేసింది. బాప్తిస్మానికి వంశధారకి ఎల్దాం కూర్మమ్మా, నువ్వూ నేనూ మా ఆవిడే, ఎక్కడా రాయను, ఎవుళికీ సెప్పను అన్నాను. అది తప్పేనేమో, అయినా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. 'నా కొడుక్కి తెలీకుండా నానెల్లను. ఆడి పనులన్నీ అయిపోతే ఆడే సెప్తాడు, అమ్మా నువ్వెల్లు అని. ఆ మాట కోసం ఉన్నాను' అంది."

కిందటేడు సెప్టెంబరులో సింధుకు సీటు వచ్చిన మర్నాడు నరేష్ స్వీట్ల పెట్టె పట్టుకుని ఊరికి వచ్చాడు. తల్లి చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుని, చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని, అతనికి ఎదురుగా పీట వేసుకు కూర్చుంది.

"పనులన్నీ అయిపోనాయేటి బాబూ?" అంది.

"అయిపోనాయమ్మా. ఇంక దేనికీ బెంగలేదు" అన్నాడు.

"మరింకేటీ సెప్పీది లేదేటి?"

"ఏటుంటాదమ్మా" అని అతను టైము చూసుకుని లేచాడు. ఆమె రోడ్డు దాకా వెంట వచ్చింది. బస్సు ఆలస్యమైంది. పది పదిహేను నిమిషాలు ఆమె అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది. మాట ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఆమె చూసిందని నరేష్‌కి ఇప్పుడు అర్థమైంది. అతను నిజానికి ఆ రోజు వద్దనలేదు. ఎవరికీ భయపడలేదు కూడా. ఆమె బాప్తిస్మం సంగతి ఆ రోజు అతనికి అసలు గుర్తే లేదు. బస్సు వచ్చేదాకా తల్లికి ఆ యేడు వానల గురించి చెప్పాడు.